నేల మీద గడిపిన వేళ

మొన్నటి రమజాన్ పండుగ ముగిసిన వారానికి మా పెద్దబ్బాయి తన ఇల్లాలిని, తొమ్మిది నెలలు నిండిన పసివాణ్ణి వెంటబెట్టుకుని హైదరాబాదు నుండి కర్నూలుకు వచ్చాడు. మా తొలి మనుమడు. కూర్చోబెడితే ఆసరా లేకుండా చక్కగా కూర్చుంటాడు, నవ్వుతాడు, చేతికిచ్చినది నోట పెట్టుకుంటాడు. అయితే కూర్చున్న చోటి నుండి కదలడు. ఎదుట గిలక వేస్తే చేయి చాస్తాడు, అందకపోతే ఏడుస్తాడు, ఎవరో ఒకరు తెచ్చి ఇచ్చేదాకా ఆ ఏడుపు ఆగదు.

మా ఇంట్లో గుసగుసలు మొదలవడానికి రెండు రోజులు చాలాయి. పక్కింటి బిడ్డ ఎనిమిదో నెలకే గడప దాటిందని ఒకరు, కోడలి పుట్టింటి వైపు ఎవరైనా ఆలస్యంగా నడిచారేమో అడగమని మరొకరు. మా ఆపా అయితే నేరుగానే అడిగేసింది: "ఏం బహూ, పాలు సరిగా పట్టడం లేదా?" ఆ అమ్మాయి తల వంచుకుని వంటింట్లోకి వెళ్ళిపోయింది. ఆ పూట దస్తర్‌ఖాన్ మీద ఆమె ఒక్క ముద్ద కూడా సరిగా తినలేదు. బిడ్డలో ఏ లోటు కనబడినా దాని లెక్క ముందుగా తల్లి ఖాతాలో వ్రాయడం మన ఇళ్ళలో ఎంత సులువైపోయిందో ఆ రోజు కళ్ళారా చూశాము.

మరునాడు పిల్లల వైద్యురాలి వద్దకు తీసుకువెళ్ళాము. ఆమె పసివాడి చేతులు, కాళ్ళు వంచి చూశారు, బోర్లా వేసి చూశారు, మెడ నిలుపుతున్న తీరు చూశారు. చివరకు కోడలిని ఒకే ప్రశ్న అడిగారు: "రోజు మొత్తం మీద వీడు ఎంతసేపు నేల మీద ఉంటాడమ్మా?" కోడలు మా వంక చూసింది. మేము మా అబ్బాయి వంక చూశాము. లెక్క వేశాము: కొంతసేపు ఉయ్యాలలో, కొంతసేపు పరుపు మీద, కొంతసేపు వాకర్‌లో, మిగిలిన సమయమంతా ఎవరో ఒకరి చంకలో. నేల మీద గడిపిన వేళ అంటూ ఏదీ లేదు.

ఇక్కడ ఒక ఒప్పుకోలు. "నేల చల్లన, జలుబు చేస్తుంది, కింద వేయకు బేటీ" అని వారం వారం ఫోనులో చెప్పినది మేమే. అఖీఖా నాడు రంగురంగుల వాకర్ కొని ఇచ్చినది కూడా మేమే. ఆ అమ్మాయి పెద్దల మాట పాటించింది, అంతే. ఆ సాయంత్రం మా ఆపాను, ఇంటావిడను కూర్చోబెట్టి ఈ మాట కోడలి ఎదుటనే చెప్పాము. చెప్పడం తేలిక కాలేదు. మదర్సాలో ముప్పై ఏళ్ళుగా తప్పులు దిద్దే వృత్తిలో ఉన్నవారికి సొంత తప్పు బయట పెట్టడం కొంచెం కష్టమే.

వైద్యురాలు మరో సంగతి కూడా తేటతెల్లం చేశారు. తొమ్మిది నెలలకు దోగాడకపోవడం దానంతట అది జబ్బు కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ భారతదేశం, ఘనా, నార్వే, ఒమన్, అమెరికాలలో 816 మంది ఆరోగ్యవంతులైన శిశువులను పరిశీలించి 2006లో వెలువరించిన వివరాల ప్రకారం, ఆసరా లేకుండా కూర్చోవడం నాలుగవ నెల నుండి తొమ్మిదవ నెల దాకా, చేతులు మోకాళ్ళ మీద దోగాడటం అయిదవ నెల నుండి పదమూడున్నర నెలల దాకా, ఒంటరిగా నడవడం ఎనిమిదవ నెల నుండి పదిహేడున్నర నెలల దాకా ఎప్పుడైనా జరగవచ్చు. అందులో నూటికి నలుగురు పిల్లలు అసలు దోగాడనే లేదు, అయినా నడిచారు. కాబట్టి పక్కింటి బిడ్డతో పోల్చి కోడలిని నిలదీసే ముందు ఈ అంతరం ఎంత విశాలమో గుర్తు పెట్టుకోవాలి.

మరి నేల ఎందుకు? బిడ్డను బోర్లా వేసినప్పుడు తల ఎత్తి చూడాలన్న తపనతో మెడ, భుజాలు, వెన్ను పని చేస్తాయి. అరచేతులతో నేలను నెట్టి ఛాతీ పైకి లేపుతాడు. ఒక చేతి మీద బరువు ఆన్చి మరో చేతిని బొమ్మ వైపు చాచడం నేర్చినప్పుడే, బరువును ఒక పక్క నుండి మరో పక్కకు మార్చడం వంటబడుతుంది. దోగాడటానికి, నడవడానికి పునాది అదే. మెత్తని పరుపు చేతి కింద కుంగిపోతుంది, నెట్టడానికి పట్టు దొరకదు. చీర ఉయ్యాలలో ఒళ్ళు విల్లులా వంగి ఉంటుంది, పక్కకు దొర్లే వీలే లేదు. చంకలో ఉన్నంతసేపు తూగు నిలిపే పని ఎత్తుకున్నవారిది, బిడ్డది కాదు. ఉయ్యాల పాపమని గానీ, చంక తప్పని గానీ మేము అనడం లేదు. అవి బిడ్డ రోజంతటినీ మింగివేయకూడదు, అంతే. ఏడాది లోపు పిల్లలను మెలకువగా ఉన్నప్పుడు రోజు మొత్తంలో కనీసం అరగంట బోర్లా ఉంచాలని, ఒకేసారి గంటకు మించి కదలకుండా కట్టిపడేయరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. నిద్రకు మాత్రం వెల్లకిలా పడుకోబెట్టాలి. బోర్లా వేయడం మెలకువలో, ఒకరి కళ్ళ ఎదుట మాత్రమే. ఈ తేడాను ఏ తల్లీ మరువరాదు.

నిజానికి నేల మన ఇళ్ళకు కొత్తది కాదు. దస్తర్‌ఖాన్ పరచి కింద కూర్చుని తిన్నవారం, చాప మీద చదువుకున్నవారం, తఖ్త్ పట్టుకుని లేచి నిలబడి నడక నేర్చినవారం. పెద్దలందరూ నేల మీద కూర్చుని ఉంటే పసివాడి కంటికి ఎదురుగా ముఖాలు ఉండేవి, చేరుకోవడానికి మోకాళ్ళు ఉండేవి. ఇప్పుడు పది అడుగుల గదిలో సోఫా సెట్టు, మంచం, బల్ల చేరి, బిడ్డ వంతుకు వచ్చిన నేల శూన్యం. పోర్చుగల్, అమెరికా పరిశోధకులు కలిసి ఇంటి వాతావరణాన్ని కొలవడానికి ఒక ప్రశ్నావళి తయారు చేశారు. ఇంట్లో కదలడానికి చోటు ఉందా, రకరకాల నేలలు తగులుతాయా, పెద్దలు బిడ్డతో ఆడుతున్నారా, చేతికి అందే వస్తువులు ఏమున్నాయి అని అందులో అడుగుతారు. వాటిలో మొదటి మూడింటికి పైసా ఖర్చు లేదని మాకు అనిపించింది.

మరో సంగతి, కొంచెం పక్కదారి. దైవప్రవక్త ముహమ్మద్ (స) తమ మనుమరాలు ఉమామను ఎత్తుకుని నమాజు చేసిన ఉల్లేఖనం బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. సజ్దాకు వెళ్ళేటప్పుడు ఆమెను కిందికి దించేవారు, లేచేటప్పుడు మళ్ళీ ఎత్తుకునేవారు. నమాజులో అంతటి కదలిక చెల్లుతుందా లేదా అన్న ఫిఖ్‌హ్ చర్చగా ఈ హదీసును ఎన్నో ఏళ్ళు పాఠం చెప్పాము. ఆ పసిపిల్లను కిందికి దించడం అన్న ముక్క మా కంట పడలేదు. దీని నుండి మేము ఏ ఆదేశమూ తీయడం లేదు. చదివిన వాక్యమే మనుమడు వచ్చాక వేరుగా కనిపించింది, అంతవరకే.

ఇంటికి వచ్చాక సోఫాను నడవలోకి జరిపాము. నాపబండల మీద చాప వేసి, దాని మీద పాత చీరల బొంతను ఒకే పొరగా పరిచాము. మొదటి రోజు బోర్లా వేసిన రెండు నిమిషాలకే పసివాడు ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చాడు. మా ఆపా గుండె ఆగలేదు, ఎత్తేసుకుంది. రెండవ రోజు మేమే వాడి ఎదుట బోర్లా పడుకున్నాము. యాభై అయిదు దాటిన మోకాళ్ళకు అది చిన్న శిక్షే, కానీ వాడి కళ్ళకు మా గడ్డం సరిగ్గా ఎదురుగా వచ్చింది, ఏడుపు ఆగింది. పాలు పట్టిన వెంటనే కాకుండా, స్నానం తర్వాత, అస్ర్ తర్వాత, ఇలా అయిదేసి, పదేసి నిమిషాలు. బొమ్మల కోసం బజారుకు వెళ్ళలేదు. స్టీలు గిన్నె, చెక్క గరిటె, మా ఇంటావిడ కుట్టిన గుడ్డ బంతి చాలాయి. బంతిని వాడి చేతికి ఇవ్వకుండా జానెడు దూరంలో పెట్టాలి, అందించేవారు తొందరపడరాదు. కాళ్ళకు సాక్సు తీసేశాము, నాపబండ మీద అవి జారుతాయి.

పన్నెండవ రోజున పొట్ట మీద గుండ్రంగా తిరిగాడు. తర్వాత ముందుకు రాబోయి వెనక్కి పోయాడు, అది చూసి ఇంటిల్లిపాదీ నవ్వాము. నాలుగవ వారంలో పొట్టతో పారాడి గిన్నెను పట్టుకున్నాడు. వాడి వయసుకు అది దానంతట అదే వచ్చేదేమో, నేల వల్లనే వచ్చిందని మేము ప్రమాణం చేయలేము. కానీ అందని వస్తువు కోసం ఏడవడం మానేశాడన్నది మాత్రం ఇంట్లో అందరూ చూసినదే.

వాకర్ గురించి చెప్పవలసి ఉంది, ఎందుకంటే పండుగ కానుకలలో దానికి ఇప్పటికీ పెద్ద పీట. అందులో బిడ్డ మునివేళ్ళతో నెడతాడు, తన పాదాలు తనకు కనబడవు, పడకుండా తూగు నిలపవలసిన అవసరమే ఉండదు. నడక త్వరగా వస్తుందన్నది అపోహ. పైగా చక్రాల మీద క్షణంలో మెట్ల దాకా, పొయ్యి దాకా వెళ్ళిపోతాడు. కెనడా 2004లోనే వీటి అమ్మకాన్ని పూర్తిగా నిషేధించింది. నడక నిజంగా ఎలా వస్తుందో న్యూయార్క్ పరిశోధకులు లెక్కించారు: ఏడాది నుండి ఏడాదిన్నర వయసు పిల్లలు స్వేచ్ఛగా ఆడుకునేటప్పుడు గంటకు సగటున 2,368 అడుగులు వేస్తారు, 17 సార్లు పడతారు. ఆ పడటం కూడా పాఠమే. మా వాకర్ ఇప్పుడు అటక మీద ఉంది. ఎవరికైనా ఇద్దామని ఇంటావిడ అన్నది, వద్దన్నాము.

అయితే బిడ్డ నేల మీదికి దిగిన రోజు నుండి ఇంటి చూపు కూడా నేల మీదికి దిగాలి. సగం నిండిన బకెట్టు కూడా పసిప్రాణం తీయగలదు. స్నానాల గది తలుపు మూసే ఉంచాలి. పప్పు గిన్నె, చాయ్ కెటిల్ దస్తర్‌ఖాన్ అంచున పెట్టరాదు, గుడ్డ లాగితే ఒంటి మీదే పడతాయి. వక్కలు, పల్లీలు, చింతగింజలు, నాణేలు, బటన్ బ్యాటరీలు గొంతుకు ప్రమాదం. బటన్ బ్యాటరీ మింగితే ఒక్క గంట కూడా ఆలస్యం చేయక ఆసుపత్రికి పరుగెత్తాలి. ఫినాయిలును శీతల పానీయాల సీసాల్లో పోసి ఉంచే అలవాటు మన ఇళ్ళలో ఇంకా పోలేదు.

ఇదంతా చదివి, బిడ్డ ఆలస్యానికి ప్రతి ఇంటినీ దోషిగా నిలబెట్టరాదు. మా మదర్సాలోనే ఒక యువ ఉపాధ్యాయుని కుమారుడు పది నెలలకు కూడా కూర్చోలేదు, ఎడమ పిడికిలి విప్పేవాడు కాదు. నేల మీద వేయలేదని, మాలిష్ సరిగా చేయలేదని బంధువులు ఆ తల్లిని ఏడిపించారు. ఆమె వేయని రోజు లేదు. తొమ్మిది నెలలు దాటినా ఆసరా లేకుండా కూర్చోకపోయినా, ఏడాది లోపే ఒక్క చేతినే వాడుతున్నా, ఒళ్ళు కర్రలా బిగిసినా, గుడ్డలా వేలాడినా, ఏడాదిన్నరకు నడవకపోయినా, వచ్చిన విద్య పోయినా వైద్యునికి చూపించాలి. అంగన్‌వాడీలో ఇచ్చే తల్లీబిడ్డల కార్డులో ఏ వయసుకు ఏమి రావాలో బొమ్మలతో ఉంటుంది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల ఎదుగుదల లోపాలను ఉచితంగా పరీక్షిస్తారు. చికిత్స కోసం జిల్లా స్థాయి కేంద్రాలు ఏర్పడ్డాయి. ఆ యువకుడు మొదట్లో ఎవరైనా చూస్తారేమోనని అక్కడికి వెళ్ళడానికి వెనకాడాడు.

ఇప్పుడు వారానికి రెండు రోజులు బిడ్డను తీసుకుని వెళుతున్నాడు. ఆ రెండు రోజులూ అతని ఉదయపు తరగతి మేము చెబుతున్నాము. పోయిన గురువారం అతని కుమారుడు గోడ వారగా ఉన్న తఖ్త్‌ను రెండు చేతులతోనూ పట్టుకుని నిలబడ్డాడట. ఎడమ చేతి వేళ్ళు తెరుచుకున్నాయని అతడు రెండు సార్లు చెప్పాడు.