మోసినోడికి జైలు, కొన్నోడికి మేడ

సాలూరు ఘాట్ దిగిన బండిలోనో, ఇచ్ఛాపురం చెక్‌పోస్టు దగ్గరో గంజాయి పట్టుబడిందని పేపర్లో తరచూ చూస్తున్నాం. ఫొటోలో మూటల వెనక ముఖాలకు గుడ్డలు కట్టి నిలబెట్టింది ఎవర్ని? కూలికి మూట మోసిన గుంటల్ని. పెట్టుబడి పెట్టిన షావుకారు ఆ ఫొటోల్లో మాకింతవరకు కనిపించలేదు.

ఈ మొక్క మనకు కొత్తది కాదు. కొండ గూడేల్లో ముసలోళ్లను కదిపితే చెబుతారు: పెరట్లో ఒకటో రెండో మొక్కలుండేవి, పశువుకు జబ్బు చేస్తే ఇంత ఆకు, బైరాగి వస్తే చిలుంలోకి ఇంత. అమ్మకం మాటే లేదు. 1893-94లో తెల్లదొరలు వేసిన కమిషన్ దేశమంతా వెయ్యిమందికి పైగా సాక్షుల్ని విచారించి, మితంగా వాడితే పెద్ద కీడు లేదు, పూర్తి నిషేధం వద్దు, లైసెన్సూ పన్నూ చాలని రాసింది. (పన్ను మీద దొరలకున్న ప్రేమ మనకు తెలియంది కాదు!) 1985లో మాదకద్రవ్యాల చట్టం వచ్చింది. ఆకు మటుకు, అంటే భంగు, ఆ చట్టం నిర్వచనంలోకి రాదు. పూత కంకి వస్తుంది. ఇరవై కిలోలు దాటితే పదేళ్లకు తక్కువ కాని జైలు, లక్షకు తక్కువ కాని జుల్మానా, బెయిలు గగనం. చట్టం తూచేది మూట బరువునే. మోసినోడు ఎవరు, లాభం తిన్నోడు ఎవరన్నది తక్కెడలోకి రాదు.

ఇవాళ విశాఖ మన్యం, ఒడిశా సరిహద్దుల్లో పేరు మోసిన రకం ‘శీలావతి’. పతివ్రత పేరు దీనికా అని నవ్వొస్తుంది. షావుకారు ముందే బయానా ఇచ్చి వేయిస్తున్నాడు గనక ఆ విత్తనం బతికింది. పోడులో కలిపి చల్లిన చోడి, సామ, కొర్ర, కొండకంది విత్తనాలకు బయానా ఇచ్చినోడు లేడు. అవి చాలా గూడేల్లో ముసలమ్మల నోట పేర్లుగానే మిగిలాయి. మా మటుకు మాకు ఆ దుఃఖమే పెద్దది.

2021-22లో ‘పరివర్తన’ పేరుతో మన్యంలో వేల ఎకరాల తోటలు నరికారు. మేం గంజాయిని వెనకేసుకు రావడం లేదు. దాని మత్తులో పాడైన గుంటలు మన పేటల్లోనూ ఉన్నారు. నరికిన చోట ఏం పండించాలి, ఎవరు కొంటారు, ఇదీ మా ప్రశ్న. గిరిజన కార్పొరేషను చోడి, పసుపు, చింతపండు గిట్టుబాటు ధరకు గూడెం దగ్గరే కొనాలి. 2006 అటవీ హక్కుల చట్టం కింద పోడు పట్టాలు మిగిలినవాళ్లందరికీ ఇవ్వాలి. జైల్లో ఉన్న కూలోళ్లకు ప్రభుత్వమే మంచి ప్లీడర్ని పెట్టాలి. కేసు మూటతో ఆగకుండా షావుకారి బ్యాంకు ఖాతా దాకా పోవాలి.

ఈ నెల సంఘం మీటింగుల్లో ప్రతి గూడెం నుంచీ జైల్లో ఉన్నవాళ్ల పేర్లు రాసి తెండి. పాత విత్తనం గుప్పెడున్నా అదీ తెండి.