క్రూయిజ్ నౌకలో టిప్పు: ఇనామా? జీతమా?

ఏడు రాత్రుల సముద్రయాత్ర ముగింపునకు వచ్చింది. తెల్లవారితే ఓడ రేవు చేరుతుంది. భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు ఉన్న కుటుంబం గది ఖాతాలో చివరి లెక్క చూసుకుంటుంది. అందులో ‘గ్రాట్యుటీ’ పేరుతో 518 డాలర్లు కనిపిస్తాయి. మన కరెన్సీలో సుమారు 45 వేల రూపాయలు. వసతికీ భోజనానికీ టికెట్‌తోనే డబ్బు కట్టాం కదా, ఇది దేనికి? తొలిసారి క్రూయిజ్ ఎక్కిన భారతీయ కుటుంబాలకు తరచూ ఎదురయ్యే ప్రశ్న ఇది. గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కు వెళ్లి అడిగితే ఆ మొత్తాన్ని తగ్గించడానికో తొలగించడానికో అనేక కంపెనీలు అంగీకరిస్తాయి. అలా తొలగించిన డబ్బు ఎవరి జేబులోంచి పోతుందన్నది మాత్రం బిల్లు మీద కనిపించదు.

ఈ ప్రశ్నకు ఇప్పుడు ప్రాధాన్యం పెరిగింది. 2021 సెప్టెంబరులో కార్డేలియా సంస్థ ముంబయి నుంచి క్రూయిజ్ యాత్రలు మొదలుపెట్టింది. 2022 జూన్‌లో ఆ సంస్థ నౌక ‘ఎంప్రెస్’ విశాఖపట్నం వచ్చింది. 2023 సెప్టెంబరులో విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైంది. 2029 నాటికి దేశంలో క్రూయిజ్ ప్రయాణికుల సంఖ్యను రెట్టింపు చేసే లక్ష్యంతో కేంద్రం 2024 సెప్టెంబరులో ‘క్రూయిజ్ భారత్ మిషన్’ ఆరంభించింది. మరోవైపు అమెరికాలోని పిల్లల దగ్గరకు వెళ్లిన తెలుగు తల్లిదండ్రుల వేసవి కార్యక్రమంలో సియాటిల్ నుంచి అలాస్కా, టెక్సస్‌లోని గాల్వెస్టన్ నుంచి కరేబియన్ యాత్రలు చేరుతున్నాయి. వీరిలో అత్యధికులకు ఇదే తొలి ఓడ ప్రయాణం.

ఒక పదం, పలు అర్థాలు

గందరగోళం మాట దగ్గరే మొదలవుతుంది. మన దేశంలో గ్రాట్యుటీ అంటే ఉద్యోగి పదవీ విరమణ వేళ యజమాని చెల్లించే మొత్తం. 1972 నాటి చట్టం ఆ పదానికి ఆ అర్థాన్ని స్థిరపరిచింది. అక్కడ అది యజమాని బాధ్యత, ఉద్యోగి హక్కు. ఓడ బిల్లులో అదే పదానికి ప్రయాణికుడు సిబ్బందికి ఇచ్చే టిప్పు అని అర్థం. చెల్లించాల్సిన వ్యక్తి మారిపోయాడు, పదం మారలేదు.

టిప్పుకు తెలుగులో ఉన్న మాటలు కూడా సాయపడవు. ‘ఇనాము’, ‘బక్షీసు’ అనే మాటల్లో ఇచ్చేవాడి దయ ధ్వనిస్తుంది. అరబ్బీ, పారసీకాల నుంచి వచ్చిన ఈ పదాలు పైవాడు కిందివాడికి ఇచ్చే కానుకను సూచిస్తాయి. ‘మామూలు’ అనే మాటకు మూలార్థం ఆనవాయితీ అయినా, వాడుకలో అది లంచానికి పర్యాయపదమైంది. రాజధాని రైలు గమ్యం చేరేముందు సోంపు పళ్లెం పట్టుకుని వచ్చే కుర్రాడికి ఇచ్చే నోటు వీటిలో దేని కిందికి వస్తుందో ఇచ్చేవాడికే స్పష్టంగా తెలియదు. ఈ అస్పష్టతతోనే మనం ఓడ ఎక్కుతాం. దయ చూపే హక్కు మనదే కాబట్టి చూపకుండా ఉండే హక్కూ మనదే అనుకుంటాం.

ఓడ మీద లెక్క వేరు. రాయల్ కరేబియన్ సంస్థ సాధారణ గదుల్లో ఒక్కొక్కరికి రోజుకు 18.50 డాలర్లు వసూలు చేస్తోంది. సూట్ గదుల్లో అది 21 డాలర్లు. నార్వేజియన్ సంస్థ సాధారణ గదుల రేటును 2023లో 20 డాలర్లకు పెంచింది. పిల్లలకు కూడా ఈ మొత్తం పడుతుంది. పసిపిల్లలకు మినహాయింపు ఉందా, ఉంటే ఏ వయసు వరకు అన్నది కంపెనీని బట్టి మారుతుంది. నలుగురి కుటుంబానికి ఏడు రోజులకు 518 డాలర్లు అయ్యేది ఈ లెక్కనే.

ఒకప్పుడు ఈ పద్ధతి లేదు. యాత్ర పొడవునా ఒకే బల్ల, ఒకే వెయిటరు ఉండేవారు. చివరి రాత్రి ప్రయాణికులు కవర్లలో నగదు పెట్టి వెయిటరుకూ, గది శుభ్రం చేసే వ్యక్తికీ స్వయంగా అందించేవారు. నార్వేజియన్ సంస్థ 2000లో ప్రవేశపెట్టినటువంటి స్వేచ్ఛా భోజన విధానాలు విస్తరించాక, ఏ పూట ఎక్కడ తింటారో, ఎవరు వడ్డిస్తారో ప్రయాణికుడికే తెలియని పరిస్థితి వచ్చింది. కవర్ల స్థానంలో రోజువారీ వసూలు స్థిరపడింది. ఆ మొత్తాన్ని వెయిటర్లు, గది సిబ్బందితో పాటు ప్రయాణికుడి కంటపడని కొన్ని విభాగాలకు కూడా పంచుతారు. సౌకర్యం పెరిగింది. కానీ ఇచ్చేవాడికీ పుచ్చుకునేవాడికీ మధ్య ఉన్న ముఖపరిచయం తెగిపోయింది. తెలియని మనిషికి వెళ్లే డబ్బును తొలగించమనడం సులభం.

జెండా ఎక్కడిది, చట్టం ఎక్కడిది

అమెరికా రేవుల నుంచి బయలుదేరే పెద్ద క్రూయిజ్ నౌకల్లో అత్యధికం బహామాస్, పనామా వంటి దేశాల జెండాల కింద నమోదైనవి. విదేశీ జెండా నౌకల్లో పనిచేసే నావికులకు అమెరికా కనీస వేతన చట్టం వర్తించదు. వారికి ప్రధాన రక్షణ అంతర్జాతీయ కార్మిక సంస్థ 2006లో ఆమోదించిన సముద్ర కార్మిక ఒప్పందం. భారత్ దీనిని 2015లో ధ్రువీకరించింది. ఈ ఒప్పందం నిర్దేశించిన గరిష్ఠ పనివేళలే రోజుకు 14 గంటలు, వారానికి 72 గంటలు. మన దేశంలో కార్మిక చట్టాల సాధారణ పరిమితి వారానికి 48 గంటలని గుర్తుచేసుకుంటే తేడా అర్థమవుతుంది.

వేతనం సంగతీ అంతే. ఈ ఒప్పందం పరిధిలో సమర్థ నావికుడికి సూచించిన కనీస మూలవేతనం 2026 జనవరి నుంచి నెలకు 690 డాలర్లు. అది డెక్కు మీద పనిచేసే నావికుడికి ఉద్దేశించిన కొలమానం. భోజనశాల, గది సిబ్బంది ఆదాయంలో గణనీయమైన భాగం అనేక కంపెనీల్లో గ్రాట్యుటీ నుంచే సమకూరుతుంది. ఆరు నుంచి తొమ్మిది నెలల ఒప్పందం మీద ఇల్లు విడిచి వచ్చే ఈ సిబ్బందిలో ఫిలిప్పీన్స్, ఇండోనేషియా పౌరులతో పాటు గోవా, ముంబయి, కేరళ యువత కూడా ఉన్నారు. మన ప్రయాణికుడు కౌంటర్ దగ్గర కొట్టివేయించిన అంకె, మన దేశంలోనే మరో ఇంటికి వెళ్లే నెలసరి డబ్బులో కోత కావచ్చు.

జీతం భారాన్ని వినియోగదారుడి ఔదార్యం మీదికి నెట్టే ఈ ఏర్పాటు ఓడలతో పుట్టలేదు. అంతర్యుద్ధం తర్వాత అమెరికాలో పుల్‌మన్ కంపెనీ తన రైలు శయన బోగీల్లో నల్లజాతి సేవకులను స్వల్ప జీతాలకు నియమించి, మిగతాది టిప్పుల ద్వారా సంపాదించుకొమ్మంది. వారు 1925లో సంఘం పెట్టుకుని, పన్నెండేళ్ల పోరాటం తర్వాత 1937లో కంపెనీతో వేతన ఒప్పందం సాధించారు. అయినా టిప్పులు అందుకునే ఉద్యోగులకు యజమాని నేరుగా చెల్లించాల్సిన కనీస నగదు వేతనం అమెరికా సమాఖ్య చట్టంలో నేటికీ గంటకు 2.13 డాలర్లే. 1991 నుంచి అది మారలేదు.

మన చట్టం దృష్టి

భారతీయ ప్రయాణికుడి అభ్యంతరానికి చట్టపరమైన నేపథ్యం లేకపోలేదు. హోటళ్లు, రెస్టారెంట్లు బిల్లులో తమంతట తాము సర్వీస్ ఛార్జి కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులై 4న మార్గదర్శకాలు జారీ చేసింది. వాటిని సవాలు చేసిన రెస్టారెంట్ల సంఘాల పిటిషన్లను ఢిల్లీ హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం 2025 మార్చి 28న కొట్టివేసింది. టిప్పు ఇవ్వడం వినియోగదారుడి ఇష్టమనీ, తప్పనిసరి వసూలు చెల్లదనీ స్పష్టం చేసింది.

ఈ సూత్రం మన రెస్టారెంటులో సబబే. ఉద్యోగికి జీతం ఇవ్వాల్సింది యజమానేనన్న అవగాహన దాని వెనుక ఉంది. కానీ విదేశీ జెండాతో అంతర్జాతీయ జలాల్లో సాగే ఓడలో నడిచేది బుకింగ్ నాడు మనం అంగీకరించిన షరతులు. పైగా అక్కడ వసూలును నిరాకరిస్తే యజమాని జీతం పెంచడు, ఉద్యోగి వాటా తగ్గుతుంది. హక్కు ఒకటే అయినా దాని ఫలితం రెండు చోట్ల రెండు రకాలుగా ఉంటుంది.

ప్రత్యామ్నాయం అసాధ్యమేమీ కాదు. బ్రిటన్‌కు చెందిన పీ అండ్ ఓ క్రూయిజెస్ 2019లో రోజువారీ సర్వీస్ ఛార్జిని ఎత్తివేసి, ఆ భారాన్ని టికెట్ ధరలోనే కలుపుకొంది. మిగతా కంపెనీలలో ఎక్కువ భాగం ఆ బాట పట్టకపోవడానికి కారణం ఊహించడం కష్టం కాదు. టిప్పు విడిగా ఉంటే ప్రకటనలో టికెట్ ధర తక్కువగా కనిపిస్తుంది.

తొలి ప్రయాణికులు ఏం చేయాలి?

మొదటిది, గ్రాట్యుటీని యాత్ర ఖర్చులో భాగంగా ముందే లెక్క వేసుకోవాలి. ఒక్కొక్కరి రోజువారీ మొత్తాన్ని మనుషుల సంఖ్యతో, రాత్రుల సంఖ్యతో హెచ్చిస్తే సరిపోతుంది. బుకింగ్ సమయంలోనే ముందస్తుగా చెల్లించే వీలు అనేక కంపెనీల్లో ఉంది. అమెరికాలోని పిల్లలు తల్లిదండ్రుల కోసం టికెట్లు తీసేటప్పుడే ఇది కట్టివేస్తే చివరి రాత్రి ఇబ్బంది ఉండదు. దేశీయ యాత్రల్లోనైతే ఛార్జీలో గ్రాట్యుటీ కలిసి ఉందా, విడిగా ఉందా అని రసీదులో చూసుకోవాలి.

రెండవది, ఒకే సేవకు రెండుసార్లు చెల్లించకుండా జాగ్రత్తపడాలి. పానీయాలు, ప్రత్యేక రెస్టారెంట్లు, స్పా బిల్లుల్లో 18 నుంచి 20 శాతం గ్రాట్యుటీ ముందే కలిసి ఉంటుంది. సంతకం చేసే చీటీలో దాని కింద మరో ఖాళీ గీత కనిపిస్తుంది. అది అదనపు టిప్పు కోసం. దాన్ని ఖాళీగా వదిలేస్తే అమర్యాద కాదు.

మూడవది, నగదు ఎప్పుడు ఇవ్వాలో తెలుసుకోవాలి. అమెరికా రేవుల్లో సామాను అందుకునే పోర్టర్లు ఓడ ఉద్యోగులు కారు. వారికి పెట్టెకు ఒకటి రెండు డాలర్లు ఇవ్వడం అక్కడి ఆనవాయితీ. తీరంలో దిగినప్పుడు వెంట వచ్చే గైడుకూ గ్రాట్యుటీలో వాటా ఉండదు. శాకాహారమో జైన భోజనమో అడిగినందుకు రోజూ శ్రద్ధగా సమకూర్చిన వెయిటరుకు విడిగా కొంత ఇవ్వడం ఐచ్ఛికం. ఓడ అధికారులకు, కెప్టెన్‌కు టిప్పు ఇవ్వరు.

నాలుగవది, సేవ బాగాలేకపోతే ఫిర్యాదు చేయాలి. అది చివరి రాత్రి కాక మొదటి రోజే జరగాలి. గది శుభ్రంగా లేదని రెండో రోజు చెబితే సరిదిద్దే అవకాశం ఉంటుంది. ఏడో రోజు మొత్తం గ్రాట్యుటీ తొలగిస్తే, లోపం చేసిన ఒకరితో పాటు ఏ తప్పూ చేయని పదిమందీ నష్టపోతారు.

టిప్పు విడిగా వసూలు చేయడం సరైన పద్ధతి కాదనుకునేవారు ఆ మాట కంపెనీకి రాయవచ్చు. అన్నీ కలిపి ధర చెప్పే సంస్థను ఎంచుకోవచ్చు. ఆ అసంతృప్తి చేరాల్సిన చిరునామా టికెట్ అమ్మిన సంస్థే తప్ప పక్క దులిపిన మనిషి కాదు.

తెలుగు నేల మీద ఇనాము అనే మాటకు మరో చరిత్ర ఉంది. గ్రామ సేవకులకు, ఆలయంలో మేళం వాయించేవారికి జీతానికి బదులు ఇచ్చిన భూములను సర్వీసు ఇనాములు అనేవారు. ఇచ్చినవాడు దాన్ని కానుక అన్నాడు. పుచ్చుకున్నవాడికి అది తరతరాల చాకిరీకి దక్కిన కూలి. 1955లో తెలంగాణ ప్రాంతంలో, 1956లో ఆంధ్ర ప్రాంతంలో ఇనాముల రద్దు చట్టాలు వచ్చేవరకు ఆ మాట ఈ రెండు అర్థాలనూ మోస్తూనే ఉంది. ఓడ బిల్లులోని గ్రాట్యుటీ కూడా ఆ కోవకు చెందినదే. దాన్ని కానుకగా చదివితే కొట్టివేయాలనిపిస్తుంది. కూలిగా చదివినవారు చెల్లించి ఓడ దిగుతారు.