విచారణ లేని చెఱ

ఆరోపణ ముందు, విచారణ పిమ్మట, రుజువైనచో శిక్ష. నాగరక దేశములన్నిటియందును న్యాయము నడచు త్రోవ ఇది. మన దేశమున దీని ప్రక్కనే మఱియొక త్రోవ కలదు. అందు ఆరోపణ లేదు; సాక్షి లేడు; తీర్పు లేదు. ఉన్నది చెఱ యొక్కటియే. ఫలానావాడు రేపు ఏదో చేయునని ఒక అధికారికి తోచినచో చాలును, వానిని పండ్రెండు మాసములవఱకు కారాగారమున నుంచవచ్చును. శాసన పరిభాషలో దీనికి ముందుజాగ్రత్త నిర్బంధమని పేరు. బజారులో దీనిని పి.డి. యాక్టు అందురు. రాజకీయము న్యాయస్థానపు గడప దాటుటకు ఇంతకంటె విశాలమైన ద్వారము మన శాసనములలో మఱియొకటి లేదని మా నమ్మకము. ఆ ద్వారమును తెఱచినది పరదేశి; మూయక విడిచినది మనము.

ఈస్టిండియా కంపెనీవారు 1818లో వంగరాష్ట్రమునకును, 1819లో చెన్నపురి రాజధానికిని, 1827లో బొంబాయికిని రెగ్యులేషనులు గావించి, విచారణ లేకయే మనుష్యుని బంధించు అధికారమును తమకు తామే యిచ్చుకొనిరి. ఆ 1818 నాటి రెగ్యులేషను క్రిందనే 1907లో లాలా లజపతి రాయి గారిని, అజిత్ సింగు గారిని మాండలేకు పంపిరి. వారు చేసిన నేరమేమో ఏ కోర్టును నిర్ణయింపలేదు. 1919లో రౌలట్ శాసనము వచ్చినప్పుడు దేశమంతయు ఒక్కుమ్మడి లేచినది. వకీలు లేదు, వాదము లేదు, అప్పీలు లేదు అని జనులే దానికి భాష్యము చెప్పిరి. ఏప్రిల్ 6న హర్తాళు జరిగెను. 13న అమృతసరమునందలి జలియన్‌వాలా బాగులో నెత్తురు ప్రవహించెను. శాసనము 1922లో రద్దయ్యెను గాని, ఆ బుద్ధి రద్దు కాలేదు.

రెండవ ప్రపంచ సంగ్రామకాలమున ఇండియా రక్షణ నిబంధనలలోని 26వ నిబంధన క్రింద దేశభక్తులతో చెఱసాలలు నిండెను. 1943 ఏప్రిల్ 22న, కేశవ తల్పడే గారి కేసులో, సర్ మారిస్ గ్వయ్యరు ప్రధాన న్యాయమూర్తిగా నున్న ఫెడరల్ కోర్టు ఆ నిబంధన చెల్లదని తీర్పు చెప్పెను. ఆంగ్లేయ న్యాయమూర్తి ఆంగ్లేయ ప్రభుత్వమునకు ప్రతికూలముగా చెప్పిన తీర్పది. ప్రభుత్వము డెటిన్యూలను విడిచెనా? ఆ నెల గడవకమునుపే ఆర్డినెన్సు పుట్టించి, చెల్లని దానిని చెల్లునట్లు చేసెను. కోర్టు తలుపు తీసిన చోట సర్కారు గోడ కట్టెను. ఈ విద్యను మన నాయకులు జైళ్లలో నుండి కన్నులార చూచిరి. మన దౌర్భాగ్యమేమనగా, చూచి రోసినవారే దానిని నేర్చుకొనిరి కూడ.

అత్త కూడ ఒకయింటి కోడలే యని మన సామెత. 1928లో సైమను బహిష్కార దినమున చెన్నపురి వీథిలో తుపాకికి రొమ్ము చూపిన ఆంధ్రకేసరి ప్రకాశము పంతులు గారు మనకు పూజ్యులు. ఆయన మద్రాసు ప్రధానిగా నున్న 1947 జనవరిలోనే ప్రజాశాంతి పేర ఆర్డినెన్సు వెలువడి, కమ్యూనిస్టులను విచారణ లేక బంధించుట జరిగెను. స్వరాజ్యము అప్పటికి ఇంకను ఏడు నెలల దూరమున నున్నది. ఆ మహనీయుని త్యాగమును తక్కువ చేయుట మా తలంపు కాదు. అంతటివాని చేతికే ఆ యాయుధము అలవడినప్పుడు, తక్కినవారి మాట చెప్పనేల?

1949 సెప్టెంబరు 15న ఈ విషయము రాజ్యాంగ పరిషత్తులో చర్చకు వచ్చెను. అంతకు మునుపే, వ్యక్తిస్వేచ్ఛను గూర్చిన అధికరణమునుండి ‘డ్యూ ప్రాసెస్’ అను మాట తొలగి, శాసనముచే స్థాపింపబడిన పద్ధతి యను మాట చేరెను. ఆ మార్పును సమర్థించినవారిలో నెల్లూరు సీమలో జన్మించిన అల్లాడి కృష్ణస్వామయ్యరు గారొకరు. ఎదిరించినవారిలో మున్షీ గారొకరు. ఆ లోటు కొంత పూడ్చుటకై డాక్టరు అంబేడ్కరు గారు తెచ్చినదే నేటి 22వ అధికరణము. అందు మొదట హక్కులు గలవు. పట్టుకొన్నవానికి కారణము చెప్పవలెను, 24 గంటలలో మెజిస్ట్రేటు నెదుట నిలుపవలెను, వకీలును పెట్టుకొననీయవలెను. వెంటనే మూడవ ఖండము వచ్చి, ఈ హక్కులు ఇద్దఱికి లేవనుచున్నది. ఒకడు శత్రుదేశస్థుడు, రెండవవాడు ముందుజాగ్రత్తగా నిర్బంధింపబడినవాడు. ప్రాథమిక హక్కుల అధ్యాయమునందే పౌరుని తెచ్చి శత్రువు సరసన కూర్చుండబెట్టితిమి! దేశపరిస్థితులనుబట్టి ఇట్టి శాసనము తప్పదనియు, అందులకే రక్షణములు చేర్చితిమనియు అంబేడ్కరు గారు సమాధానము చెప్పిరి. లాహోరు హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన బక్షీ టేక్‌చంద్ గారు తీవ్రముగా ఎదిరించిరి. ముసాయిదా సంఘమువారికి చెఱసాల రుచి తెలిసియున్న బాగుండెడిదని మహావీర త్యాగి గారు ఎత్తిపొడిచిరి.

1950 జనవరి 26న గణతంత్ర మవతరించెను. నెల తిరుగునప్పటికి సర్దారు పటేలు గారు నిర్బంధ శాసనమును పార్లమెంటులో ప్రవేశపెట్టిరి. ఒక్క సంవత్సరమునకే యనిరి. అది మాటిమాటికి ఆయువు పోసికొని 1969 డిసెంబరు 31 వఱకు బ్రతికెను. దాని క్రింద చెన్నరాష్ట్రములో చెఱనున్న కమ్యూనిస్టు నాయకుడు ఎ.కె. గోపాలన్ గారు సుప్రీంకోర్టు నాశ్రయించిరి. 1950 మే 19న న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు, శాసనసభ చేసిన పద్ధతి ఎట్టిదైనను పద్ధతియే యనియు, దాని న్యాయాన్యాయములు తాము తూచరాదనియు చెప్పిరి. న్యాయమూర్తి ఫజల్ అలీ గారు వేఱుగా నిలిచి, నోటీసును, మొఱ చెప్పుకొను అవకాశమును, పక్షపాతము లేని విచారణకర్తయు లేనిది పద్ధతి కానేరదనిరి. ఆయన మాటలోని సత్త్వమును అంగీకరించుటకు సుప్రీంకోర్టునకు 1978 నాటి మేనకా గాంధీ కేసు వఱకు పట్టెను.

ఈలోపల దేశము తన తప్పునకు మూల్యము చెల్లించెను. 1971లో ‘మీసా’ వచ్చెను. 1975 జూన్ 25న అత్యవసర పరిస్థితి వచ్చెను. జయప్రకాశ్ నారాయణ్ గారు మొదలుకొని ప్రతిపక్షమువారు జైళ్ల పాలైరి. షా కమిషను లెక్కప్రకారము మీసా క్రింద చెఱనున్నవారు దాదాపు 35,000 మంది. పలు హైకోర్టులు హెబియస్ కార్పస్ అర్జీలు వినవచ్చుననెను. 1976 ఏప్రిల్ 28న సుప్రీంకోర్టు, నలుగురొక వైపు ఒక్కరొక వైపుగా, వినరాదనెను. పోలీసువాడు అన్యాయముగా ప్రాణము తీసినను దిక్కు లేదా యని వాదనలో న్యాయమూర్తి ఖన్నా గారడుగగా, అత్యవసర పరిస్థితి నడచినంతకాలము లేదనియే ప్రభుత్వపు అటార్నీ జనరలు ఒప్పుకొనెను. భిన్నాభిప్రాయము వ్రాసినవారు ఆ ఖన్నా గారే. 1977 జనవరిలో ప్రధాన న్యాయమూర్తి పదవి ఆయనను దాటి క్రిందివారికి పోయెను. ఆయన రాజీనామా చేసిరి. ఆ తీర్పు తప్పని తొమ్మండుగురు న్యాయమూర్తులు 2017 ఆగస్టు 24న ప్రకటించిరి. నలువదియొక సంవత్సరములు! మీసా చెఱలో మగ్గినవారికి ఆ ప్రకటనవలన ఒరిగినదేమి? చేతులు కాలిన పిమ్మట ఆకులు పట్టుకొనుట గాక!

ఇక రాజకీయ పక్షములవారి చరిత్రము వినుడు. 1977లో గద్దె నెక్కినవారు మీసాను స్వయముగా అనుభవించినవారు. 1978లో దానిని రద్దు చేసిరి, సంతోషము. రాజ్యాంగమునకు 44వ సవరణ చేసి, అందలి 3వ సెక్షనులో కొన్ని రక్షణములు పెట్టిరి, మఱియు సంతోషము. సలహామండలి అభిప్రాయము లేకయే నిర్బంధింపదగిన కాలము మూడు నెలలనుండి రెండు నెలలకు తగ్గవలెను. హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి సిఫారసు చొప్పున మండలి యేర్పడవలెను. పదవియందున్న న్యాయమూర్తి దానికి అధ్యక్షుడు కావలెను. పార్లమెంటు ఒప్పుకొనెను, రాష్ట్రపతి ఆమోదించెను. ఇక మిగిలినది, ఆ సెక్షను ఏనాటినుండి అమలగునో గెజెటులో ఒక తేదీ ప్రకటించుట. ఆ తేదీ నేటివఱకును వెలువడలేదు! జనతావారు, కాంగ్రెసువారు, నేషనల్ ఫ్రంటువారు, యునైటెడ్ ఫ్రంటువారు, భారతీయ జనతావారు, అందఱును ఢిల్లీ గద్దె నెక్కిరి. ఒక్కరికిని పంచాంగములో మంచిరోజు కనబడలేదు కాబోలు! 1980లో జాతీయ భద్రతా శాసనము మాత్రము ఏ ముహూర్తపు చిక్కును లేక వచ్చినది. దాని క్రింద చెఱకు పోయిన ధన్‌బాద్ లోక్‌సభ సభ్యుడు ఎ.కె. రాయ్ గారు 1981లో ఈ తేదీ విషయమునే సుప్రీంకోర్టులో ప్రశ్నించిరి. తేదీ నిర్ణయించుట ప్రభుత్వము పని, దానిని మేము శాసింపజాలమని న్యాయమూర్తులలో అధికసంఖ్యాకులు సెలవిచ్చిరి. రోలు పోయి మద్దెలతో మొఱపెట్టుకొన్నట్లయ్యెను.

ఢిల్లీ సంగతి అట్లుండగా, మన యింటి సంగతి చూతము. నందమూరి తారక రామారావు గారి ప్రభుత్వకాలమున 1986లో ఆంధ్రప్రదేశమున పి.డి. శాసనము పుట్టెను. సారా కాచువారు, దోపిడిగాండ్రు, గూండాలు, భూకబ్జాదారులు మొదలగువారికై చేసినది. రాష్ట్రము రెండైనను శాసనము రెండుచోట్లను నిలిచినది. తెలంగాణమున దాని పేరు పెరిగి పెరిగి పోలీసుఠాణా రిజిస్టరువలె నైనది. నకిలీ విత్తనములు, కల్తీ ఎరువులు, పురుగుమందులు, ఆహార కల్తీ, దొంగపత్రములు, జూదము, అడవి నేరములు, సైబర్ నేరములు, ఇన్నియు ఆ పేరులో చోటుచేసికొనినవి. విత్తనములకు 1966 నాటి శాసనమున్నది. పురుగుమందులకు 1968 నాటిది. ఆహారమునకు 2006 నాటిది. కల్తీవిత్తు లమ్మి రైతు కొంప ముంచినవానిమీద మాకు జాలి లేదు. వానిని కోర్టున నిలిపి, రుజువు చేసి, శిక్షింపుడు. రైతు నష్టము వాని ఆస్తినుండి రాబట్టుడు. విచారణ లేక ఏడాది కూర్చుండబెట్టి విడిచినచో రైతునకు దమ్మిడీ రాదు. వానికి నేరస్థుడను ముద్రయు పడదు. సర్కారువారు కఠినముగా నున్నారను పేరు మాత్రము పత్రికలలో పడును.

ఈ శాసనము నడచు తీరు మా వృత్తిలోనివారెల్లరు ఎఱిగినదే. ముద్దాయికి కోర్టు బెయిలిచ్చును. ఇంటివారు జైలు ద్వారమువద్ద నిలిచియుందురు. ఇంతలో పోలీసు కమిషనరు సంతకముతోనో కలెక్టరు సంతకముతోనో కాగితము వచ్చును. బయటికి రావలసినవాడు లోపలనే యుండిపోవును. న్యాయమూర్తి విడువు మనినవానిని అధికారి పట్టుకొనుటకు ఇది సాధనము. పిమ్మట సలహామండలి. అచ్చట వకీలు సహాయము డెటిన్యూకు హక్కు కాదు. ప్రభుత్వము తన పక్షమున వకీలును తెచ్చినచో అతనికిని ఇయ్యవలెనని 1981 నాటి తీర్పు చెప్పినది గాని, అంతకుమించి లేదు. రాజ్యాంగమునందలి యీ వింత గమనింపుడు. హైకోర్టులో పదేండ్లు వకాల్తా చేసినవాడు న్యాయమూర్తి పదవికి అర్హుడు గనుక, ఆ మండలిలో సభ్యుడుగా కూర్చుండ నర్హుడు. చదువురాని డెటిన్యూ ప్రక్కన నిలిచి నాలుగు మాటలు చెప్పుటకు మాత్రము వానికి హక్కు లేదు!

కోర్టులు విడిపించుచున్నవి గదా యని కొందఱందురు. నిజమే. 2022 ఏప్రిల్ 4న సుప్రీంకోర్టు, తెలంగాణ శాసనము క్రింది ఉత్తర్వులను గత అయిదేండ్లలో తాము అయిదింటికి పైగా కొట్టివేసితిమనియు, హైకోర్టు ఒక్క సంవత్సరములోనే కనీసము పదింటిని కొట్టివేసెననియు లెక్క చెప్పెను. 2023 సెప్టెంబరు 4న, స్వాతంత్ర్యపు వజ్రోత్సవములు జరుపుకొను దేశమున కొందఱు పోలీసు అధికారులు ప్రాథమిక హక్కులను మఱచిరని మందలించెను. 2024 మార్చి 21న, సలహామండలులు ముద్ర వేయు యంత్రములు కారాదని హెచ్చరించెను. ఇన్ని మందలింపులు వినియు మారనివారికి ఇంకొక మందలింపు ఏమి చేయును? ఉత్తర్వు కొట్టివేయబడునాటికి నెలలు గడచిపోవును. ఆ నెలల కూలి ఎవరిత్తురు? సంతకము చేసిన అధికారి జీతములో ఒక్క రూపాయియైనను తగ్గదు.

దేశరక్షణకు ఇట్టి ఆయుధము తప్పదందురు. 1965లో రామమనోహర్ లోహియా గారి కేసులో న్యాయమూర్తి హిదాయతుల్లా గారు మూడు వలయముల పోలిక చెప్పిరి. శాంతిభద్రతలు పెద్ద వలయము, దానిలోపల ప్రజాశాంతి, అందులోను చిన్నది రాజ్యభద్రత. పెద్ద వలయములోని ప్రతి దొమ్మీయు చిన్న వలయమును ముట్టదు. చిన్న వలయముకొఱకు చేసిన ఆయుధమును పెద్ద వలయమంతట త్రిప్పుచుండుటయే నేటి అనర్థము. గూండా సాక్షులను బెదరించుచున్నాడా? బెయిలు రద్దు చేయుమని కోర్టును కోరవచ్చును. కేసులు సాగిలపడుచున్నవా? న్యాయమూర్తులను నియమింపుడు. సాక్ష్యము సేకరింపజాలని పోలీసు శాఖకు చెఱసాల తాళము నిచ్చి, ఇదియే పరిపాలన యనుట పాలకుల సోమరితనము.

కావున మేము కోరునవి నాలుగు. 44వ సవరణలోని 3వ సెక్షనును తేదీ వేసి అమలు చేయవలెను. సలహామండలియెదుట ప్రతి డెటిన్యూకును వకీలు సహాయము హక్కుగా నియ్యవలెను. రెండు తెలుగు రాష్ట్రములును 1986 నాటి శాసనమును రద్దు చేసి, ఆ నేరములకు త్వరిత విచారణ యేర్పాటు చేయవలెను. అక్రమమని తేలిన ప్రతి నిర్బంధమునకును బాధితునకు పరిహారమిచ్చి, దానిని బాధ్యులనుండి రాబట్టవలెను.

చదువరులారా! ఈ శాసనము గూండాలకే గదా, మనకేమి యనుకొనకుడు. గూండా యెవడో నిర్ణయించునది మెజిస్ట్రేటు తీర్పు కాదు, అధికారి తృప్తి. ఆ యధికారిని బదిలీ చేయువాడు మంత్రి. ఆ మంత్రికి రేపు అప్రియుడగువాడు సంఘపు కార్యదర్శియో, విలేఖరియో, భూమి కోల్పోయిన రైతో కావచ్చును. ఎన్నికలకు అభ్యర్థులు మీ గ్రంథాలయమునకు వత్తురు. దండలు వేయుటకు ముందు ఒక్క మాట అడుగుడు. ప్రతిపక్షమున నున్నప్పుడు మీరు తిట్టిన ఈ శాసనమును, గద్దె నెక్కిన పిమ్మట రద్దు చేయుదురా, లేదా? సమాధానమును నలుగురియెదుట కాగితముమీద వ్రాయించుకొనుడు.