ఎన్ని కుట్లు కావాలి?

కుట్టుమిషన్ కొందామని దుకాణానికి వెళ్ళినా, ఇంటర్నెట్‌లో వెతికినా మొదట కళ్ళబడేది ఒక అంకె. 23 కుట్లు, 60 కుట్లు, 100 కుట్లు, ఇంకాస్త డబ్బు పెడితే 200 పైచిలుకు. నాలాంటి కంప్యూటర్ వాళ్ళకి ఈ అంకె కనబడగానే ప్రాసెసర్ స్పీడు పోల్చినట్టు పోల్చేసే అలవాటు ఉంది. నన్నడిగితే కుట్టుమిషన్ విషయంలో అన్నిటికంటే పనికిరాని అంకె అదే.

అమెరికాలో మన ఇళ్ళల్లో మిషన్ మీద జరిగే పనేమిటి? జాకెట్లు బిగించడం, వదులు చెయ్యడం, చీరకి ఫాల్ వెయ్యడం, పిల్లల పావడాలు, ప్యాంట్ల పొడవు తగ్గించడం. ఇండియాలో కుట్టించి తెచ్చుకున్న జాకెట్టు ఏడాది తిరిగేసరికి పట్టదు. ఇక్కడ కుట్టిద్దామంటే చాలాసార్లు బట్ట కంటే కూలి ఎక్కువ. వీటన్నిటికీ కావలసింది తిన్నని కుట్టు, జిగ్‌జాగ్, కాజా కుట్టు, టీషర్టుల్లాంటి సాగే బట్టకి ఇంకొకటి. మిగతా పువ్వులూ, బాతుపిల్లలూ మొదటి ఆదివారం సరదాగా కుట్టి చూస్తారు, అంతే.

లోపల జరిగేది చూస్తే సంగతి ఇంకా తేటగా తెలుస్తుంది. పైదారం సూదితో కిందికి దిగుతుంది. కింద తిరిగే కొక్కెం దాన్ని ఉచ్చులా పట్టుకుని బాబిన్ చుట్టూ తిప్పుతుంది. రెండు దారాలూ బట్ట మధ్యలో మెలిక పడతాయి. 1846లో ఎలియాస్ హోవ్ పేటెంటు తీసుకున్న కుట్టు ఇదే. (సాఫ్ట్‌వేర్ పేటెంట్ల గొడవలతో విసిగిపోయిన వారికి ఒక ముచ్చట: ఈ కుట్టు మీద హోవ్, సింగర్, మరికొందరు ఏళ్ళ తరబడి కోర్టుల్లో కొట్టుకుని, చివరికి 1856లో పేటెంట్లన్నీ ఒక కుప్పగా పోసి పంచుకున్నారు.) కుట్టు బాగుండడం, బాగుండకపోవడం దారం బిగువు మీద, కొక్కెం సూదిని అందుకునే సమయం మీద, బట్టని నెట్టే పళ్ళ పట్టు మీద ఆధారపడుతుంది. పాత మిషన్లలో రకరకాల కుట్లకి క్యామ్‌లు ఉండేవి, అంటే డిజైను పెరిగితే లోహమూ పెరగాలి. కంప్యూటర్ మిషన్లో ఆ పని స్టెప్పర్ మోటార్లూ, ఒక ప్రోగ్రామూ చేస్తాయి. ఇంకో వంద కుట్లు చేర్చడమంటే టేబుల్లో ఇంకో వంద వరసలు చేర్చడం. మా వృత్తిలో దాన్ని గొప్ప పని అనుకోరు.

అలాగని కంప్యూటర్ మిషన్లని తీసిపారెయ్యను. స్పీడు తగ్గించి పెట్టుకునే మీట, ఆపినప్పుడు సూది బట్టలోనే నిలబడే సదుపాయం కొత్తగా నేర్చుకునేవారికి నిజంగా మేలు. కొన్నిటిలో పెడల్ తొక్కక్కర్లేకుండా బటన్ నొక్కి నడపొచ్చు. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారికో, అమ్మకో కొంటుంటే అదొక్కటే చాలు ఎక్కువ డబ్బు పెట్టడానికి.

నాకున్న పేచీ రిపేరు దగ్గర. మా అమ్మ మా ఊళ్ళో తొక్కుడు మిషన్ మీద పక్కింటివాళ్ళకి జాకెట్లు కుట్టేది. నా కాలేజీ పుస్తకాల డబ్బు చాలావరకు ఆ మిషన్ మీంచే వచ్చింది. బెల్టు తెగితే కొత్త బెల్టు, బిగుసుకుంటే నాలుగు చుక్కల నూనె, అంతే. ఎలక్ట్రానిక్ బోర్డు పోయిన మిషన్‌కి ఆ వైద్యం పనిచెయ్యదు. బోర్డు దొరకాలి. ఆ మోడల్ ఆపేసి ఏళ్ళయితే అదీ దొరకదు. 1933లో మొదలైన సింగర్ ఫెదర్‌వెయిట్ మిషన్లు ఇప్పటికీ జనం వాడుతున్నారు, అవి కుట్టేది తిన్నని కుట్టు ఒక్కటే. అందుకే ఇంటి వాడకానికి లోపల లోహపు చట్రం ఉండి, ఇరవై ముప్ఫై కుట్లకి మించని మామూలు మెకానికల్ మిషన్‌కే నా ఓటు. అరచేతి మిషన్ల జోలికి మాత్రం వెళ్ళకండి, అవి ఆటబొమ్మలు.

దుకాణంలో చూపించే నమూనా బట్ట సాధారణంగా గంజి పెట్టిన బిరుసు గుడ్డ. దాని మీద ఏ మిషనైనా ముత్యాల్లా కుడుతుంది. మన బట్ట మనం తీసుకెళ్ళాలి: పట్టు జాకెట్టు ముక్క, లైనింగు, జరీ అంచు నాలుగు మడతలు. పట్టుకి 11 నంబరు సూది, నూలుకి 14 వెయ్యమనండి. వీలైనంత నెమ్మదిగా నడపండి. మడతలు వచ్చినచోట మిషన్ మూలిగి ఆగిపోతే అది మన ఇంటికి రాదు. బాబిన్ పైనుంచి వేసే రకమైతే మూత లోంచి దారం ఎంత మిగిలిందో కనబడుతుంది, చంక దగ్గర కుడుతుండగా అయిపోదు. ఇంకో సంగతి, కుట్టబోయే మనిషి ఆ కుర్చీలో కూర్చోవాలి. మా ఇంట్లో కుట్టేది మా ఆవిడ. నా ఎక్సెల్ షీటు పక్కన పెట్టేసి తను పావుగంట కుట్టి చూసి తేల్చింది.

తిరిగి ఇండియా వెళ్ళే ఆలోచన ఉన్నవారు మిషన్ వెనక చీటీ చదవండి. లాప్‌టాప్ అడాప్టర్ 100 నుంచి 240 వోల్టుల దాకా దేనికైనా ఒప్పుకుంటుంది గనక మిషనూ అంతే అనుకుంటారు. ఇక్కడ అమ్మేవి చాలావరకు 120 వోల్టులవి. అక్కడి 230 వోల్టుల ప్లగ్గులో నేరుగా పెడితే మోటారు కాలిపోతుంది. స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, దాని బరువు కూడా సూట్‌కేసు లెక్కలో వేసుకోండి.