పడక్కుర్చీకి పాలిష్ పెడితే...

గార్డెన్ ఫర్నిచర్ అంటే ఇప్పుడు బాల్కనీలో ప్లాస్టిక్ కుర్చీలు, ఓ ఇనుప ఊయల. పాతబస్తీలో మిగిలిన పాత ఇళ్లకి వెళ్తే మాత్రం వాకిట్లో జామచెట్టు కింద టేకు పడక్కుర్చీ కనిపిస్తుంది. పొడవాటి చేతులు, నడుమ బెత్తం అల్లిక. తాతగారు పొద్దున పేపరు చదివిందీ, మధ్యాహ్నం కునుకు తీసిందీ అందులోనే. ఆయన పోయాక అందులో ఎవరూ కూర్చోరు. అలాగని తీసేయనూ తీసేయరు. ఎండకి ఎండి, వానకి తడిసి, బూడిదరంగుకి తిరిగి అలా ఉండిపోతుంది.

ఏదో ఒక ఆదివారం ఇంటాయన కన్ను దానిమీద పడుతుంది. అసలు కథ అక్కడే మొదలు!

వడ్రంగిని పిలిస్తే బోలెడు అడుగుతాడు, మనకి చేతుల్లేవా అంటూ లుంగీ ఎగగట్టి కూర్చుంటాడు. సాండ్‌పేపర్‌తో రుద్దుతాడు. కాలు కదులుతోందని రెండు మేకులు దిగ్గొడతాడు. నెర్రెల్లో లప్పం పెడతాడు. ఆపైన రెండు పూతలు లక్క పాలిష్. సాయంత్రానికి కుర్చీ అద్దంలా మెరుస్తుంది. ఇంటిల్లిపాదీ భేష్ అంటారు... వానలొచ్చేదాకా.

ఓ రోజు తెల్లారేసరికి పాలిష్ నిండా తెల్లటి మచ్చలు. మేకు దిగినచోట నిలువునా చీలిక. ఎండిపోయి ఉన్న బెత్తమేమో సాండ్‌పేపర్ తగిలినచోటల్లా తెగి వేలాడుతుంటుంది. ‘మీ నాయిన కూసున్న కుర్చీరా ఇది. ఇన్నేండ్లు వానకే ఏం గాలే, నీ చేతిల వడ్డంక గిట్లైంది’ అంటుంది తల్లి. ఆ మాటకి కొడుకు దగ్గర జవాబేముంటుంది?

ఆవిడ అన్నది అక్షరాలా నిజం కూడా. టేకులో సహజంగానే నూనె ఉంటుంది, ఎండావానల్ని తట్టుకునేది అందుకే. బూడిదరంగు పైపొరకి ఎండ తెచ్చిన మార్పే, చెక్క పుచ్చిపోయినట్టు కాదు. ఇక లక్క సంగతి. లాడ్‌బజార్ గాజుల్లో తళుక్కుమనేది ఇదే (2024లో ఆ గాజులకి జీఐ గుర్తింపు కూడా వచ్చింది). దాన్నే స్పిరిట్‌లో కరిగిస్తే పాలిష్. హాల్లో కుర్చీలకి బ్రహ్మాండంగా ఉంటుంది కానీ నీళ్లు నిలిస్తే తెల్లబడుతుంది, ఎండకి మెత్తబడుతుంది. ఆరుబయటికి పనికిరాదు. మేకూ అంతే. చెక్క వానాకాలం ఉబ్బుతుంది, వేసవిలో కుంచించుకుపోతుంది. ఇనుము దాంతోపాటు కదలదు, పైగా తుప్పుపట్టి చుట్టూ నల్లమరక చేస్తుంది. పాత పనివాళ్లు ఒక చెక్క మొనని ఇంకో చెక్క గుంతలోకి దించి, అడ్డంగా చెక్కమేకు కొట్టింది ఊరికే కాదు.

ఆ పాతబస్తీలోనే చౌమహల్లా ప్యాలెస్ ఉంది. నిజాం కుటుంబానికి చెందిన ఎస్రా పూనుకుంటే, ఆర్కిటెక్ట్ రాహుల్ మెహ్రోత్రా బృందం ఏళ్ల తరబడి బాగుచేసింది. 2005లో సందర్శకులకి తలుపులు తెరిచారు, 2010లో యునెస్కో అవార్డు వచ్చింది. మన పడక్కుర్చీ మాత్రం ఒక్క ఆదివారంలో అయిపోవాలి మరి!

సరే, జరిగిందేదో జరిగింది. లక్కే పూశారు కాబట్టి కొంత నయం. స్పిరిట్‌లో ముంచిన గుడ్డతో తుడిస్తే వచ్చేస్తుంది, మళ్లీ గీకక్కర్లేదు. చెక్క ఆరాక కావాలంటే అవిశె నూనె పల్చగా పట్టించి, మిగిలింది తుడిచేయాలి. ఆ తుడిచిన గుడ్డని ఉండచుట్టి మూల పడేయొద్దు. దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. విప్పి బయట ఆరేయాలి. బెత్తాన్ని నీళ్లలో నానబెట్టి అల్లాలి, ఆరేకొద్దీ అదే బిగుసుకుంటుంది. కొత్త అల్లిక రంగు కొన్నాళ్లు వేరుగా తెలుస్తుంది, ఫర్వాలేదు.

చీలిన కాలినీ, దిగిన మేకునీ మాత్రం వడ్రంగికి వదిలేయడమే మేలు. ఈసారి బేరమాడకుండా!