తవ్విన రాయి తరలేదెన్నడు?

కోసిన పంటను కళ్లంలోనే వదిలేసి ఇంటిదారి పట్టే రైతు ఎక్కడా కనబడడు. అంగారక గ్రహంపై అమెరికా చేస్తున్నది ఇంచుమించు అదే. అక్కడ ఒకప్పుడు జీవం ఉండేదా అన్న ప్రశ్నకు జవాబు చెప్పగల రాళ్లను వెతికి, తొలిచి, గొట్టాల్లో భద్రపరచిన నాసా- వాటిని భూమికి తెచ్చే దారి తేల్చుకోలేక నీళ్లు నములుతోంది.

పర్సెవరెన్స్ రోవర్ 2021 ఫిబ్రవరి 18న జెజెరో బిలంలో దిగింది. సుమారు 45 కిలోమీటర్ల వెడల్పున్న ఆ పల్లంలో 350 కోట్ల ఏళ్ల కిందట ఓ సరస్సు ఉండేదని, అందులోకి ఏరు పారి ఒండ్రు మేటవేసి డెల్టా కట్టిందని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. డెల్టా అంటే ఏమిటో యానాం వాసులకు వేరే చెప్పక్కర్లేదు. ఒండ్రు పొరల్లో పడ్డది ఏదైనా చాలాకాలం చెక్కుచెదరకుండా మిగిలే అవకాశం ఎక్కువ. అందుకే ఆ చోటును ఏరికోరి ఎంచుకున్నారు. 2021 ఆగస్టులో మొదటి ప్రయత్నం బెడిసికొట్టింది; రాయి పొడైపోయి గొట్టం ఖాళీగా మిగిలింది. సెప్టెంబరు నుంచి పని గాడినపడింది. ఒక్కో నమూనా చాక్‌పీసంత. రోవర్ ఎప్పుడైనా మొరాయిస్తే కొన్నయినా దక్కాలన్న ముందుచూపుతో పది గొట్టాలను 2022 డిసెంబరు, 2023 జనవరి నెలల్లో అక్కడే నేలమీద విడిగా ఉంచారు.

అన్నింటిలోకీ ఆసక్తి రేపింది 2024 జులైలో తొలిచిన 'చెయావా ఫాల్స్' అనే రాయి. దానిమీద చిరుతపులి ఒంటిమీద ఉన్నట్లు మచ్చలున్నాయి. ఆ మచ్చల్లో ఇనుము, భాస్వరం, గంధకం కలిసిన ఖనిజాల జాడ ఉంది. రాతిలో కర్బన పదార్థమూ ఉంది. భూమ్మీదైతే నీరు నిలిచిన బురదలో సూక్ష్మజీవులు బతికేచోట ఇలాంటి ఖనిజాలు పుడుతుంటాయి. జీవం ప్రమేయం లేని రసాయన చర్యలతోనూ పుట్టొచ్చు. 2025 సెప్టెంబరులో 'నేచర్' పత్రికలో వెలువడిన పత్రం దీన్ని 'జీవం జాడ కావచ్చు' అన్నంతవరకే చెప్పి ఆగింది. అదీ శాస్త్రం పాటించాల్సిన నిగ్రహం.

ఆ నిగ్రహం లోపిస్తే ఏమవుతుందో ఒకసారి చూసిందే. అంటార్కిటికాలో 1984లో దొరికిన అంగారక ఉల్కలో జీవం ఆనవాళ్లున్నాయని 1996లో నాసా శాస్త్రవేత్తలు ప్రకటించారు. సాక్షాత్తు అధ్యక్షుడు క్లింటనే దానిపై మాట్లాడారు. ఆ ఆనవాళ్లు జీవం లేకుండానే ఏర్పడి ఉండొచ్చని తరవాత ఒక్కొక్కటిగా వివరణలు వచ్చాయి. అత్యధిక శాస్త్రవేత్తలు ఆ వాదనను నమ్మడం మానేశారు. తొందరపడి కూసిన కోయిల కథే అది!

ఇప్పటి రాయి సంగతి తేలాలంటే అది భూమికి రావాల్సిందే. రోవర్ మోసుకెళ్లిన పరికరాలకు హద్దులున్నాయి. గదులంతేసి యంత్రాలతో చేసే పరీక్షలు అక్కడ కుదరవు. పైగా చేతికొచ్చిన రాయి ఒక తరానికే పరిమితం కాదు. 1972లో అపోలో-17 వ్యోమగాములు తెచ్చిన చంద్రుడి మట్టి గొట్టాల్లో ఒకదాన్ని సీలు తియ్యకుండా దాచి, 2022లో తెరిచారు. తెచ్చిననాటికి లేని పరికరాలు యాభై ఏళ్ల తరవాత అందుబాటులోకి వచ్చాయి.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్లు, ఇక్కడ అడ్డొచ్చింది ఖజానా. ఐరోపా అంతరిక్ష సంస్థతో కలిసి తలపెట్టిన తరలింపు పథకానికి 1100 కోట్ల డాలర్ల దాకా అవుతుందని, నమూనాలు వచ్చేసరికి 2040 అవుతుందని 2024 ఏప్రిల్‌లో నాసాయే ఒప్పుకొంది. 2025 జనవరిలో చౌక మార్గాలు రెండు ముందుకొచ్చాయి. అదే ఏడాది మే నెలలో ట్రంప్ ప్రభుత్వం పథకాన్నే ఎత్తేయాలని ప్రతిపాదించింది. 2026 జనవరి నాటి ఖర్చుల పద్దులో అమెరికా చట్టసభ కూడా దీన్ని ఉన్న రూపంలో బలపరచలేదు. ఇంతలో చైనా 2028 ప్రాంతంలో తియాన్‌వెన్-3ను పంపి, 2031 కల్లా అంగారకుడి మట్టిని తెస్తానంటోంది.

ఆకలిబాధలుండగా అంగారకుడి రాళ్లెందుకన్న ప్రశ్న కొట్టిపారేయదగ్గది కాదు. కానీ రోవర్‌కే దాదాపు 270 కోట్ల డాలర్లు ధారపోశాక రాళ్లను అక్కడే వదిలేస్తే అది పొదుపు అనిపించుకోదు, పెట్టిన సొమ్ముకూ గండి కొట్టడమే అవుతుంది. ఖర్చు తగ్గించుకోవాలి, భాగస్వాములను పెంచుకోవాలి. అవసరమైతే ఆలస్యాన్నీ భరించాలి. అంతేగాని చేతులెత్తేయకూడదు.

ఇందులో మనకూ ఓ పాఠముంది. పులికాట్ సరస్సు ఒడ్డునున్న శ్రీహరికోట నుంచి 2013 నవంబరు 5న మంగళ్‌యాన్ ఎగిసినప్పుడు అటు తమిళనాడు, ఇటు ఆంధ్ర పల్లెలు రెండూ మురిసిపోయాయి. చంద్రుడి మట్టిని తెచ్చే చంద్రయాన్-4కు కేంద్ర మంత్రివర్గం 2024 సెప్టెంబరులో రూ.2,104 కోట్లు మంజూరు చేసింది. ఎక్కి తవ్వడమే కాదు, దిగి తేవడమూ ఆ పథకంలో మొదటినుంచీ భాగమే. ఆ పట్టుదల చివరిదాకా సడలకూడదు. ఆరంభశూరత్వం అంతరిక్షంలోనూ పనికిరాదు!