కొండదారిలో అద్దె సైకిళ్ళు



సెలవులనగా మా రాయచూరు తెలుగు కుటుంబములకు పూర్వము మంత్రాలయమో, తిరుపతియో. ఇప్పుడు హైదరాబాదు నుండి మనుమలు దిగి, "తాతా, ఆనెగొంది కొండలలో సైకిలు తొక్కుదాం" అనుచున్నారు. 1997లో కొప్పళ జిల్లా ఏర్పడువరకు ఆనెగొంది మా రాయచూరు జిల్లాలోనిదే. ఉద్యోగరీత్యా ఆ గంగావతి తాలూకాలో నేనును సైకిలుపై తిరిగినవాడనే.

అవి ఊటీవంటి చల్లని కొండలు కావు. గుండ్లు పేర్చినట్లుండును. నడుమ వరిమళ్ళు, తుంగభద్ర ఎడమగట్టు కాలువ. పంపాసరోవరము, అంజనాద్రి పాదము, సాణాపురము చెరువు ఒక్క ఉదయమున చూచి రావచ్చును. (హనుమంతుని జన్మస్థలము ఈ అంజనాద్రియా, తిరుమలయా అని 2021లో వాదము రేగినది. దానిని పండితులకు విడిచెదను. ఎట్లును సైకిలు మెట్లెక్కదు.) కార్తీకము మొదలు మాఘము వరకు అనుకూలము. వైశాఖములో ఆ బండలు పెనములే.

గత జనవరిలో అక్కడ ఒక దుకాణమున సైకిళ్ళు అద్దెకు తీసికొంటిమి. ఒకదానికి గంట లేదు, వెనుక బ్రేకు పట్టదు. వాలులో పెద్ద మనుమడు ట్రాక్టరును తప్పింపబోయి ముళ్ళకంపలో పడినాడు. మోచేతికి నాలుగు కుట్లు పడినవి. అడుగగా దుకాణదారు, "సైకిలుకు లైసెన్సు ఎవరడుగుతారు పెద్దయ్యా?" అన్నాడు.

అతని మాట అబద్ధము కాదు. మోటారు సైకిళ్ళను అద్దెకిచ్చుటకు 1997 నాటి కేంద్ర పథకము కలదు, లైసెన్సు కలదు. సైకిలు మోటారు వాహనము కాదు గనుక దాని క్రిందికి రాదు. పూర్వము మన ఊళ్ళలో మునిసిపాలిటీవారు పన్ను కట్టించుకొని సైకిలుకు బిళ్ళ వేసెడివారు. దీపము లేక రాత్రి పోయినచో పోలీసువాడు ఆపెడివాడు. పన్ను పోయినందుకు సంతోషమే. దానితోపాటు ఆ అదుపును పోయినది.

2020లో సుప్రీంకోర్టు తీర్పుపై విరూపాపుర గడ్డెలోని విడుదులను తొలగించిన తరువాత యాత్రికుల రద్దీ సాణాపురము వైపు మళ్ళినది. 2025 మార్చిలో అక్కడి కాలువవద్ద రాత్రివేళ అతిథులపై జరిగిన ఘోరమును పాఠకులు మరచియుండరు. రద్దీ పెరిగినచోట ఏర్పాటును పెరుగవలదా?

హంపి, ఆనెగొందులకు 2002 చట్టము క్రింద ఒక ప్రాధికార సంస్థ ఉన్నది. ఆ సంస్థయు, గ్రామపంచాయతీలును కలిసి అద్దె సైకిళ్ళకు మరల బిళ్ళ వేయవలెనని నా మనవి. బ్రేకు, గంట, దీపము చూచి, నంబరు వేసి, అద్దె రేటు పలకపై వ్రాయించవలెను. చీకటి పడకముందే సైకిళ్ళు తిరిగి చేరవలెను.

ఇది మరియొక మామూళ్ళ బల్ల అగునని మిత్రుడొకడు ఆక్షేపించెను. ముప్పది ఆరేండ్లు బల్ల వెనుక కూర్చున్నవాడను, ఆ భయము నాకు తెలియదా? అందుకే పరీక్ష కచ్చేరీలో వద్దు. పదిమంది ఎదుట, చెట్టుక్రింద, నెలకొక నియమిత దినమున జరుగవలెను. హైదరాబాదులో 2023లో 23 కిలోమీటర్ల సైకిలు దారికి సౌరఫలకముల కప్పు వేసినారు. మేము కప్పు కోరుట లేదు, బ్రేకు కోరుచున్నాము.

సంక్రాంతికి మనుమలు మరల వచ్చుచున్నారు. ఈసారి ఊరి ప్రక్కనున్న మలియాబాదు కోటకే పోయి రాతి ఏనుగులను చూచి వచ్చెదము. సైకిళ్ళు ఇంటివే. బ్రేకులు నేనే బిగించితిని.

ఇట్లు,
ఒక రిటైర్డు గుమాస్తా,
రాయచూరు.